గోల్కొండలోని కొట్టు గది: ధాన్యమునకు, చెరకు, దర్శనమునకు

షాద్‌నగరు పట్టణములోని విద్యార్థులకు గిడ్డంగి అనునది క్రొత్త వస్తువు కాదు. హైదరాబాదు–మహబూబ్‌నగరు రైలుమార్గము మీద, జాతీయ రహదారి ప్రక్కన ఉన్న ఈ ఊరికి చుట్టుప్రక్కల పల్లెల నుండి ధాన్యము వచ్చును. బస్తాల వరుసలు, రేకుల కప్పు, మూలలలో ఎలుకల బోనులు వారు చిన్నతనము నుండి చూచినవే. అయినను, గిడ్డంగిని ఒక శిల్పముగా, ఒక శాస్త్రముగా చూడవచ్చునని వారికి చెప్పువారు తక్కువ. కట్టడములను గూర్చి పాఠములు చెప్పునప్పుడు గుడి గోపురము, మసీదు మినారు, రాజుగారి మహలు ఉదాహరణలగుచున్నవి. ఊరికి అన్నము నిలువచేసిన కట్టడము మాత్రము పాఠములోనికి రాదు.

షాద్‌నగరుకు సుమారు 50 కిలోమీటర్ల దూరములో గోల్కొండ కోట ఉన్నది. పాఠశాలల విహారయాత్రలన్నియు ఎప్పుడో ఒకప్పుడు అచ్చటికి చేరును. ఫతే దర్వాజా వద్ద చప్పట్లు కొట్టి ప్రతిధ్వని విందురు. బాలా హిస్సారు మెట్లు ఎక్కుదురు. దారిలో రామదాసు బందిఖానా చూతురు. చీకటి గది, పై కప్పులోని కన్నముల నుండి జారు వెలుతురు, గోడమీద చెక్కిన దేవతామూర్తులు — ఇవి చూచి, భక్తుని కష్టములు తలచుకొని, బయటకు వత్తురు. ఆ గది మొదట చెరగా కట్టినది కాదనియు, సరకులు నిలువచేయు కొట్టుగా కట్టబడి తరువాత చెరగా మార్చబడినదనియు కోటను వర్ణించినవారు చెప్పుదురు. ఈ ఒక్క వాక్యమును విద్యార్థులు శ్రద్ధగా వినినచో, ఆ గది వారికి వేరొక రూపమున కనిపించును.

ఒకే గది కొట్టుగాను, చెరగాను, దర్శనస్థలముగాను పనిచేసినది. ఈ మూడు పనులలో దేనికి అది తగినది? దేనికి తగనిది? కట్టడమును విమర్శించుట యనగా ఈ ప్రశ్నలకు జవాబు వెదకుటయే.

ధాన్యము కోరునది ఏమి?

గింజ ప్రాణము గలది. అది ఊపిరి పీల్చును. ప్రాణవాయువును తీసుకొని, తనలోని పిండి పదార్థమును నెమ్మదిగా ఖర్చుచేసి, బొగ్గుపులుసు వాయువును, నీటి ఆవిరిని, కొంత వేడిని విడుచును. గింజ ఎండి ఉన్నంత కాలము ఈ శ్వాస మిక్కిలి మందముగా ఉండును. వడ్లు, జొన్నలు దీర్ఘకాలము నిలువ ఉండవలెనన్న వాటిలోని తేమ నూటికి 12, 13 పాళ్లకు మించరాదు. తేమ పెరిగినచో శ్వాస పెరుగును. శ్వాసవలన వేడి, ఆవిరి పుట్టును. వాటివలన బూజు పట్టును. బూజు కూడ ఊపిరి పీల్చును. ఈ విధముగా రాశి తనంతట తానే కాగును. తడిసిన వడ్ల కుప్పలో చేయి పెట్టిన రైతుకు ఈ సంగతి పుస్తకము చెప్పనక్కరలేదు.

రెండవ శత్రువు పురుగు. ముక్క పురుగువంటి కీటకములు 25 నుండి 35 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో చురుకుగా పెరుగును. 15 డిగ్రీలకు తగ్గినచో వాటి వృద్ధి దాదాపు నిలిచిపోవును. మూడవ శత్రువు ఎలుక, నాలుగవది నిప్పు, ఐదవది దొంగ. కావున మంచి కొట్టునకు కావలసినవి ఇవి: పొడి నేల, మందమైన గోడలు, కిటికీలు లేకపోవుట, కట్టుదిట్టమైన ఒకే ద్వారము, మండని కప్పు, ఎండ వేడిమి లోనికి చొరకుండ చేయు ఏర్పాటు.

తెలంగాణ పల్లెలలో ఈ పనినే జొన్న పాతర చేసినది. భూమిలో గోయి త్రవ్వి, గడ్డి పరచి, జొన్నలు పోసి, మట్టితో మూసివేసెడివారు. లోపలి ప్రాణవాయువును గింజయు పురుగును ఖర్చుచేయగా, మిగిలిన గాలిలో పురుగు బ్రతుకలేదు. తెరచిన వెంటనే పాతరలో దిగిన మనిషి కూడ బ్రతుకలేడు. గాలి మారువరకు ఆగవలెను. గింజకు క్షేమమైనది మనిషికి క్షేమము కాదను సత్యము ఇచ్చటనే మొదటిసారి కనబడుచున్నది. గోల్కొండ గది కథ అంతయు ఈ సత్యమునకు వ్యాఖ్యానమే.

రాతి గోడ చేయు పని

దక్కను పీఠభూమిలో వేసవి పగలు మండును, రాత్రి చల్లబడును. ఈ ఎత్తుపల్లములు ఒక అలవలె గోడలోనికి ప్రయాణము చేయును. నల్లరాతిలో ఈ రోజువారీ అల ఎంత లోతునకు పోవును? రాతి గుణములను బట్టి లెక్కవేసినచో, సుమారు 17 సెంటీమీటర్ల లోతున దాని ఎత్తు మూడవ వంతు చిల్లరకు తగ్గును. మరి 17 సెంటీమీటర్లు పోయినచో మిగిలినదానిలో మరల మూడవ వంతు చిల్లర. అర మీటరు మందము దాటునప్పటికి నూటికి ఆరు పాళ్లు మాత్రము మిగులును. ఒక మీటరు దాటునప్పటికి నూటికి ఒక పాలు కూడ మిగులదు. అంతేకాదు, అల ఆలస్యముగా చేరును. అర మీటరు రాతిగోడకు ఆలస్యము సుమారు 11 గంటలు. మధ్యాహ్నపు వేడి లోపలి ముఖమునకు అర్ధరాత్రి చేరునన్నమాట.

రేకుల కప్పు గల నేటి గిడ్డంగిలో నిలుచున్న పిల్లవానికి ఈ తేడా చర్మముతోనే తెలియును. పలుచని రేకు నిమిషములలో కాగి, వేడిని క్రిందికి ప్రసరింపజేయును. బస్తాల పై వరుసలు పగలు కాగి రాత్రి చల్లారును; ఆ మార్పులో తేమ ఒకచోట నుండి మరొకచోటికి కదలి, చల్లని భాగమున చేరి, బూజునకు తావిచ్చును.

అయితే రాతిగోడను కేవలము పొగడుట విమర్శ కాదు. దానికొక దోషము కలదు. రోజువారీ అలను ఆపగలిగిన గోడ సంవత్సరపు అలను ఆపలేదు. ఆ అల రాతిలో మూడు మీటర్లకు పైగా చొచ్చుకొనిపోవును. కావున ఏప్రిల్, మే నెలలలో గోడ మెల్లగా కాగును. మరియు వానకాలములో తేమ నిండిన గాలి చల్లని రాతిని తాకినప్పుడు, చల్లనీటి చెంబు పైభాగమువలె గోడ చెమర్చవచ్చును. గింజ గోడకు ఆనుకొని ఉన్నచో ఆ చెమ్మను పీల్చుకొనును. కావున రాతి కొట్టును వాడువారు గోడకును ధాన్యమునకును మధ్య గడ్డియో చాపయో ఉంచుట తప్పనిసరి. కట్టడము తన పనిని ఒంటరిగా చేయదు. వాడువాని తెలివి కూడ కట్టడములో భాగమే.

పై కప్పులోని కన్నములు

రామదాసు బందిఖానాలో అందరి చూపును ఆకర్షించునవి పై కప్పులోని కన్నములు. వెలుతురు వాటినుండియే వచ్చును. చెరగా చూచినవారికి అవి ఖైదీకి ప్రసాదించిన పిసరంత ఆకాశము. కొట్టుగా చూచినవారికి అవి నోళ్లు. వంపు కప్పు గల గదిలోనికి పైనుండి ధాన్యము పోయుట, క్రిందినుండి తీయుట తేలిక. భూమి ఆకర్షణ సగము కూలి పని చేయును.

కన్నములు ఒకటికి మించి ఎందుకుండవలెను? దీనికి తరగతిలోనే జవాబు చూపవచ్చును. బల్లమీద గుప్పెడు జొన్నలు ఒకే చోట పోసినచో అవి సమముగా పరచుకొనవు, శంకువువలె కుప్పపడును. ఆ కుప్ప వాలు సాధారణముగా 25 నుండి 35 డిగ్రీలుండును. వాలు 30 డిగ్రీలైనచో, కన్నము నుండి గోడ 5 మీటర్ల దూరములో ఉన్న గదిలో, కుప్ప శిఖరము కప్పును తాకునప్పటికి గోడ దగ్గర ధాన్యము సుమారు 2.9 మీటర్లు తక్కువ ఎత్తున ఉండును. అంత స్థలము వృథా. కన్నములు దూరదూరముగా నాలుగైదు ఉన్నచో చిన్న చిన్న కుప్పలు ఒకదానిలో ఒకటి కలసి గది నిండును.

ధాన్యము గోడలను ఎంత బలముతో నెట్టునన్నది మరొక ప్రశ్న. నీటి తొట్టిలో లోతు పెరిగినకొలది ఒత్తిడి పెరుగుచునే పోవును. ధాన్యము అట్లు కాదు. గింజకును గోడకును మధ్యనున్న ఒరపిడి వలన రాశి బరువులో కొంత భాగము గోడయే మోయును. ఎత్తైన ఇరుకు గాదెలలో కొంత లోతు తరువాత అడుగు ఒత్తిడి దాదాపు పెరుగకుండ నిలిచిపోవునని 1895లో జాన్సెన్ అను జర్మను ఇంజనీరు లెక్కగట్టి చూపెను. అనగా అడుగు తేలికపడినది, గోడ బరువెక్కినది. గోడలు మందముగా ఉండుటకు దొంగ భయము ఒక్కటే కారణము కాదని దీనివలన గ్రహింపవచ్చును.

కొట్టు చెరయైనప్పుడు

కంచెర్ల గోపన్న నేలకొండపల్లివాడు, పాల్వంచ పరగణాకు తహసీల్దారు. ప్రభుత్వపు సొమ్మును భద్రాచల రామాలయమునకు ఖర్చుచేసినందున, 1672 నుండి 1687 వరకు పాలించిన అబుల్ హసన్ తానీషా కాలమున గోల్కొండలో బంధింపబడెననియు, పండ్రెండేండ్లు చెరలో ఉండెననియు ప్రతీతి. గోడమీది మూర్తులు ఆయన చెక్కినవేయని జనులు నమ్ముదురు.

ఆ నమ్మకమును తూచుట ఇచ్చటి పని కాదు. కట్టడము వైపు నుండి చూడవలసినది ఒకటున్నది: కొట్టును చెరగా మార్చుటకు దాదాపు ఏమియు మార్చనక్కరలేదు. కిటికీలు లేకపోవుట ఎలుకను ఆపినట్లే మనిషిని ఆపును. ఒక్క ద్వారము దొంగను ఆపినట్లే ఖైదీని ఆపును. మందపు గోడ వేడిని ఆపినట్లే కేకను ఆపును. ధాన్యమునకు దయయైనది ప్రతి ఒక్కటి మనిషికి శిక్షయైనది.

గాలిని గూర్చియు ఇట్లే. పైన కన్నములుండి క్రింద గాలి వచ్చు దారి మూసివేసినచో, వేడిగాలి పైకి పోయి చల్లగాలి క్రిందినుండి వచ్చు ప్రవాహము సరిగా సాగదు. ఎండు ధాన్యము రోజుల తరబడి విడుచు వేడి అత్యల్పము. ఊరక కూర్చున్న మనిషి మాత్రము సుమారు 100 వాట్ల దీపమంత వేడిని ఎడతెగక విడుచుచుండును; చెమట, శ్వాసల ద్వారా ఆవిరిని విడుచును. వానకాలములో, ఉక్కలో, అట్టి గదిలో మనిషి ఏమగునో ఊహింపవచ్చును. కట్టిన మేస్త్రీ క్రూరుడు కాడు. అతడు ఎవరిని బంధించుటకును ఆ గది కట్టలేదు. ఒక పనికి చక్కగా అమరిన కట్టడమును ఆలోచింపక మరొక పనికి వాడినచో ఫలితమెట్లుండునో ఆ గది చెప్పుచున్నది.

పేరు పెట్టుటలో జాగ్రత్త

ఒక పాత కట్టడమును కొట్టు అని చెప్పుటకు ఆధారము ఏమి? గోల్కొండలోనే బాలా హిస్సారుకు ఎక్కు దారిలో అంబర్‌ఖానా ఉన్నది. అది 1642లో, అబ్దుల్లా కుతుబ్‌షా కాలమున, ఖైరత్ ఖాన్ కట్టించెనని నల్లరాతి మీది పారశీక శాసనము చెప్పుచున్నది. ఇది వ్రాతపూర్వకమైన ఆధారము. బందిఖానాను కొట్టు అనుటకు ప్రధానాధారము దాని రూపము. రూపము బలమైన సాక్షియే, కాని ఒంటరి సాక్షి.

ఒంటరి సాక్షిని నమ్మి పొరబడుటకు మొహెంజొదారో ఉదాహరణ. అచ్చట ఒక పెద్ద ఇటుక కట్టడపు పునాదులను చూచి మార్టిమర్ వీలర్ 1950లో అది మహా ధాన్యాగారమని చెప్పెను. ఏండ్ల తరబడి పాఠ్యపుస్తకములు ఆ మాటనే చెప్పినవి. అయితే అచ్చట ధాన్యము నిలువ ఉంచిన జాడలు దొరకనందున తరువాతి పండితులు ఆ పేరును అంగీకరింపలేదు. ఉపాధ్యాయులు గోల్కొండలో ‘శాసనము చెప్పుచున్నది’ అను మాటకును, ‘రూపమును బట్టి తోచుచున్నది’ అను మాటకును, ‘జనులు చెప్పుకొందురు’ అను మాటకును గల తేడాను పిల్లలకు చూపినచో, ఆ యాత్ర విజ్ఞానయాత్ర యగును.

సంఖ్యలను కూడ ఇట్లే పరీక్షింపవలెను. పాట్నాలోని గోల్‌ఘర్ మన దేశములో మిక్కిలి పేరుపొందిన ధాన్యాగారము. కరవుల తరువాత వారన్ హేస్టింగ్సు ఆజ్ఞ మీద, జాన్ గార్‌స్టిన్ అను సైనిక ఇంజనీరు దానిని కట్టి 1786లో ముగించెను. స్తంభము లేని గుమ్మటము. ఎత్తు 29 మీటర్లు. గోడ అడుగున మందము 3.6 మీటర్లు, మెట్లెక్కి పైకన్నము నుండి ధాన్యము పోయు ఏర్పాటు. అందులో 1,40,000 టన్నుల ధాన్యము పట్టునని పుస్తకములు ఒకదానిని చూచి ఒకటి వ్రాయుచున్నవి.

ఎనిమిదవ తరగతి విద్యార్థి దీనిని పరీక్షింపవచ్చును. చుట్టుకొలత సుమారు 125 మీటర్లు. కావున వ్యాసము 40 మీటర్లు. రెండు వైపుల గోడలు తీసివేసినచో లోపలి వ్యాసము 33 మీటర్లకు మించదు. అది గుమ్మటము కాక, నిలువు గోడల స్తూపాకారమే అనుకొన్నను, లోపలి ఘనపరిమాణము 25,000 ఘనమీటర్లు దాటదు. ఘనమీటరుకు ముప్పాతిక టన్ను గోధుమ చొప్పున 19,000 టన్నుల లోపే. గుమ్మటము పైకి పోయినకొలది ఇరుకగును గనుక నిజముగా పట్టునది 12, 13 వేల టన్నులు మాత్రమే కావచ్చును. ప్రచారములో ఉన్న సంఖ్య స్తూపాకారపు లెక్కకే ఏడు రెట్లు మించినది! ఇన్నేండ్లుగా ఎందరో ఆ సంఖ్యను వ్రాసిరి. గుణించి చూచినవారు తక్కువ.

మార్పు మంచిదైన చోటు

గిడ్డంగి పని మారుట ఎల్లప్పుడు చెడ్డదియని అనుకొనరాదు. ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవులో జెస్సీ హార్ట్‌లీ కట్టిన ఆల్బర్ట్ డాక్ గిడ్డంగులు 1846లో ప్రారంభింపబడెను. ఓడ సరకులకు నిప్పు భయము ఎక్కువ. కావున ఆయన కట్టడపు బరువు మోయు భాగములలో కలప లేకుండ పోత ఇనుము, ఇటుక, రాయి మాత్రమే వాడెను. ఓడలు పెద్దవై ఆ రేవు పనికిరాక 1972లో మూతపడెను. కూల్చివేయకుండ బాగుచేసి, 1988లో అందులో కొంత భాగమున టేట్ చిత్రశాలను తెరచిరి. సముద్రయాన వస్తుప్రదర్శనశాల కూడ అచ్చట చేరినది.

అచ్చట మార్పు ఎందుకు కుదిరినది? స్తంభముల నడుమ విశాలమైన అంతస్తులు, కిటికీలు, నీటి ఒడ్డు ఉన్నవి. మనుషులు మసలుటకు కావలసిన వెలుతురు, గాలి ఆ కట్టడము ఇవ్వగలదు. గోల్కొండ గది ఇవ్వలేదు. కావున ఏ పాత గిడ్డంగిని అయినను మార్చదలచినవారు మొదట అడుగవలసిన ప్రశ్న ‘ఇందులో ఏమి పెట్టిన లాభము?’ అనునది కాదు. ‘ఈ గోడలు ఏ పనికి ఒప్పుకొనును?’ అనునది.

తుది మాట

ఈ కొలతతో చూచినచో గోల్కొండ గది మొదటి పనికి ఉత్తమము. రెండవ పనికి అది సమర్థమే గాని, ఆ సామర్థ్యమే దాని కళంకము. మూడవదగు దర్శనము రాతికి పెద్దగా హాని చేయదు. కాని మొదటి పనిని జనుల మనస్సునుండి తుడిచివేసినది. లక్షలమంది ఆ గదిలోనికి వచ్చి ఒక భక్తుని దుఃఖమును తెలిసికొనుచున్నారు, మంచిదే. ఆ కోటలోని జనమునకు అన్నము ఎట్లు నిలిచెనో మాత్రము తెలిసికొనకయే పోవుచున్నారు. 1687లో ఔరంగజేబు సైన్యము ఎనిమిది నెలలు ముట్టడించినను కోట లొంగకుండ నిలిచినదనగా, ఫిరంగుల వెనుక కొట్లు కూడ ఉన్నవని గ్రహింపవలదా?

ఇది పాత ముచ్చట మాత్రమే కాదు. 2023 ఏప్రిల్, మే నెలలలో అకాల వర్షములు కురిసి తెలంగాణ కొనుగోలు కేంద్రములలో ఆరబోసిన వడ్లు తడిసిపోయినవి. పండించుట నేర్చినంతగా దాచుట నేర్వలేదను మాట ఆ తడి వడ్లు చెప్పినవి.

గోల్కొండకు పోవు విద్యార్థులు ఒక ఉష్ణమాపకమును, ఒక కొలత టేపును వెంట తీసికొనిపోవుట మంచిది. మధ్యాహ్నము వెలుపలి వేడిని, గదిలోపలి వేడిని వ్రాసికొనవలెను. కప్పు కన్నముల సంఖ్యను, వాటి నడుమ దూరమును అంచనా కట్టవలెను. తిరిగి వచ్చిన తరువాత, షాద్‌నగరులో ఒక రేకుల గిడ్డంగిలో యజమాని అనుమతితో అదే గంటకు అదే కొలత తీయవలెను. ఆ రెండు అంకెలను నల్లబల్లమీద ప్రక్కప్రక్కన వ్రాసి, ఏ కప్పు క్రింద తమ ఊరి ధాన్యము క్షేమముగా ఉండునో పిల్లలనే చెప్పుమనవలెను.